మా ఆయన లివర్, నా పథ్యం

ఆ రోజు మా ఆయన మిల్లు నుంచి వచ్చి సాక్సు విప్పాడు. చీలమండ చుట్టూ సాక్సు అచ్చు లోతుగా పడి ఉంది. "పొద్దంత నిలబడితిని గదే, అందుకే" అని నవ్వాడు. నేను బొటనవేలితో నొక్కి చూశాను. నొక్కినచోట గుంట పడి, ఆయన స్నానం చేసి వచ్చేదాకా అలాగే ఉంది. నాకెందుకో భయం వేసింది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఆయన బాయిలర్ ఆపరేటర్. పెళ్లయిన కొత్తలో మిల్లు వెనకే ఒక్క గది కిరాయికి తీసుకున్నాం. వడ్లు ఉడికే వాసన కిటికీలోంచి లోపలికి వచ్చేది. కనుబొమ్మల నిండా దుమ్ముతో తెల్లగా ఇంటికొచ్చి, "ముసలోణ్ణి చేసుకున్నవ్ పో" అని నన్ను ఏడిపించేవాడు. ఆదివారం వస్తే స్కూటరెక్కి కోదాడలో మా అమ్మ ఇంటికి వెళ్లేవాళ్లం. దారిలో మిరపకాయ బజ్జీలు తినాల్సిందే, వాటి మీద ఆయనకు ఇంకాస్త ఉప్పు చల్లాల్సిందే. ఉప్పు అంటే అంత ఇష్టం ఉన్న మనిషిని నేను ఇంకెవర్నీ చూడలేదు. ఆ పొట్లం వేడి ఇప్పటికీ నా ఒళ్లో ఉన్నట్టే ఉంటుంది.

వాపు తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. మా వైపు కామెర్లంటే ముందు దవాఖాన గుర్తుకు రాదు, పసరు గుర్తుకొస్తుంది. నిడమనూరు దగ్గర ఒక ఊళ్లో పరగడుపున ఆకు పసరు పోస్తారంటే మూడు ఆదివారాలు తీసుకెళ్లాను. కళ్లు తేటపడలేదు సరికదా, పొట్ట పెరిగింది. ప్యాంటు గుండీ పట్టని రోజున ఇక లాభం లేదనుకుని సూర్యాపేట తీసుకెళ్లాను.

రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్, ఎండోస్కోపీ అన్నీ అయ్యాయి. "లివర్ సిరోసిస్ అమ్మా. పొట్టల నీళ్లు చేరినయ్, అసైటిస్ అంటరు" అన్నాడు డాక్టరు. నాకు తెలిసి అది తాగుబోతుల జబ్బు. మా ఆయన చుక్క ముట్టని మనిషి. అయినా ఆ సాయంత్రం ఆయన చూడకుండా స్కూటర్ డిక్కీ తెరిచి సీసా కోసం వెతికాను. రెండు స్పానర్లు, ఒక మసిగుడ్డ దొరికాయి. ఇరవై ఏడేళ్ల కాపురంలో నేను చేసిన సిగ్గుమాలిన పని అదే.

మళ్లీ వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా అడిగేశాను. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "తాగితేనే రాదమ్మా. హెపటైటిస్ బి, సి వైరస్‌ల తోటి గూడ వస్తది. ఈయనకు అవి నెగెటివ్. ఏండ్ల సంది షుగర్ ఉన్నది, బరువున్నది. ఫ్యాటీ లివర్ ముదిరి గట్టిపడ్డది. నొప్పి ఉండదు గాబట్టి ఎవరికీ తెల్వదు." ఎన్నో ఏళ్ల కింద ఒక స్కానింగ్ కాగితంలో ఫ్యాటీ లివర్ అని రాసి ఉండటం నాకు గుర్తుంది. అందరికీ ఉండేదేలే అని బీరువాలో పడేశాం.

గట్టిపడ్డది మళ్లీ మామూలు కావడం కష్టమని, మిగిలిన లివర్‌ను కాపాడుకోవడమే వైద్యమని అన్నారు. సూదితో పొట్టలో నీళ్లు తీశారు. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలిచ్చారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. పసరు సంగతి మాత్రం, తిడతారని నేను చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి కోదాడ నుంచి అమ్మ దిగింది. "లంఖణం పరమౌషధం అమ్మాయ్. పప్పు, గుడ్డు పెట్టావంటే కామెర్లు తిరగబెట్టుద్ది. ఉప్పు తగ్గించమన్నారు గదా, సైంధవ లవణం వేద్దాం. అదేం చెయ్యదు" అంది. నేనూ అలాగే నమ్మాను. పొద్దున గంజి, మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి చారన్నం. సైంధవ లవణం మాత్రం ధారాళంగా వేశాను. ఆయన ఒక్కడే పథ్యం తిండి తింటుంటే నా ముద్ద గొంతు దిగదని, నేనూ అదే తిన్నాను. రెండు నెలలు మా ఇంట్లో పోపు చప్పుడు వినపడలేదు.

పొట్ట మళ్లీ నిండింది. భుజాలు మాత్రం ఎండిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆయన ఇంటి తాళంలో స్కూటర్ తాళంచెవి పెట్టి తిప్పుతున్నాడు. "ఏం చేస్తున్నవయ్యా?" అంటే, "బాయిలర్ స్టార్ట్ అయితలేదే" అన్నాడు. కారు మాట్లాడుకుని సూర్యాపేటకు పరిగెత్తాం.

డాక్టరు ఆయన్ను రెండు చేతులూ ముందుకు చాపమన్నాడు. అరచేతులు నిలవకుండా కిందికీ పైకీ కొట్టుకున్నాయి. "లివర్ శుభ్రం చెయ్యాల్సిన మలినాలు మెదడుకెక్కినయ్. ఎన్‌సెఫలోపతి" అని అడ్మిట్ చేశారు. విరేచనం సాఫీగా అయ్యేందుకు లాక్టులోజ్ సిరప్ ఇచ్చారు. మూడో రోజుకు ఆయన నన్ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడు.

అప్పుడు డాక్టరు అడిగాడు, "ఇంట్ల ఏం పెడుతున్నరమ్మా?" నేను గొప్పగా అంతా చెప్పాను. పప్పు వాసన కూడా చూడనివ్వలేదన్నాను. నోరు జారి పసరు సంగతీ చెప్పాను. డాక్టరు రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు.

"సైంధవ లవణమైనా ఉప్పే గదమ్మా, అందుల ఉండేది సోడియమే. పసరు ఇంకోసారి ముట్టొద్దు, ఉన్న లివర్ గూడ ఖతమైతది. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టాలె. పడుకునే ముందు గూడ ఇంత తినిపించాలె, లేకుంటే ఒళ్లు తన కండను తనే కరిగించుకుంటది. పొట్టల నీళ్లు నేను తీస్తున్న, ఒంట్ల కండ మీరు తీస్తున్నరు."

బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, నా తప్పుకు ఆయన మీదే కోప్పడ్డాను. "ఆకలైతుందని ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"నువ్వు గూడ గదే తింటుంటివి గదనే" అన్నాడు. "ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

మూడేళ్లయింది. జబ్బు పోలేదు, మాతోపాటే కాపురం చేస్తోంది. మధ్యలో ఒకసారి మళ్లీ నీళ్లు తీయించాల్సి వచ్చింది. ఆర్నెల్లకోసారి స్కానింగ్ తప్పదు. బాయిలర్ పని మానేశాడు. పొద్దున పూట మిల్లుకెళ్లి, వడ్ల గింజ పంటి కింద కొరికి తేమ ఎంతుందో చెప్పి వస్తాడు. అమ్మ ఇప్పుడు గుడ్లు తనే ఉడికించి, "తినండి అల్లుడుగారూ, తప్పంతా నాది" అంటుంది. "మీది కాదత్తా, సైంధవ లవణానిది" అని ఏడిపిస్తాడు. కోదాడకు ఇప్పుడు బస్సులోనే వెళ్తాం. బజ్జీల బండి ఉండేచోటు రాగానే కిటికీ అద్దం జరిపి, వాసన పీల్చి, నా వైపు చూసి నవ్వుతాడు.

నేను చెప్పగలిగేది ఒక్కటే. రోగి నోట్లోకి పోయే ప్రతిదీ, పసరైనా పథ్యమైనా, కాగితం మీద రాసుకుని రిపోర్టులకంటే ముందు డాక్టరుకు చూపించండి. తిడితే తిట్టనివ్వండి. ఇంటికొచ్చాక రోగిని కూడా అడగండి.

నేను రోజూ పడుకునే ముందు అడుగుతాను, "ఆకలైతుందా?" అని. "అయితుందే" అంటాడు. ఆ మాట విని, ఇంత పెట్టాకే నాకు నిద్ర పడుతుంది.