పోల్చి చూడటానికి ఒక తండా

హరిలాల్ ప్రపోజల్ రాస్తే రాయి కూడా కరుగుతుందని మా కాలేజీలో అనేవాళ్లు. రాళ్ల సంగతి నాకు తెలియదు గానీ, ఢిల్లీలో కూర్చుని పరిశోధనలకు నిధులిచ్చే కమిటీ మాత్రం కరిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ రెండూ టైపు చేసింది నేనే కాబట్టి చెబుతున్నాను.

నా పేరు నవత. ఖమ్మంలో ఒక యూనివర్సిటీ కాలేజీలో సీనియర్ అసిస్టెంట్‌ని. స్టోరు బీరువా తాళంచెవి కూడా నా దగ్గరే ఉంటుంది. హరిలాల్ అక్కడ జువాలజీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. ఏన్కూరు దాటాక అడవి అంచున వాళ్ల తండా. ఆ తండాలో పీహెచ్‌డీ చేసినవాడు అతనొక్కడే. చేయించినవాడు అన్న దేవ్లా. మిర్చి చేన్లలో కూలికి పురుగుమందు కొట్టి తమ్ముణ్ణి చదివించాడు. వీపున పంపు, మూతికి ఏమీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. సాయంత్రానికి కళ్లు చింతనిప్పులయ్యేవట. మజ్జిగ తాగితే దిగిపోతుందనేవాడట.

హరిలాల్ పరిశోధన ఆ కళ్లలోంచే పుట్టింది. మందు కొట్టేవాళ్లకు మాస్కులు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఇస్తే ఒంట్లోకి ఎంత తక్కువ మందు చేరుతుందో రక్తపరీక్షతో తేల్చాలి. మంచి ఆలోచనే, ఎవరు కాదంటారు? కానీ కాంట్రాక్టువాడి పేరు మీద ప్రాజెక్టు అడగడానికి వీల్లేదు. పైన ప్రొఫెసర్ మురళీకృష్ణ గారి పేరుండాలి. ఆయనది వైరా వైపు భూములున్న కుటుంబం, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. రాయడం హరిలాల్ వంతు, సంతకం ఆయన వంతు. మొదటిసారి పంపితే తిరిగొచ్చింది. కమిటీవాళ్లు ఒక్క ప్రశ్నే వేశారు. మాస్కులు ఇచ్చిన ఊరిని దేనితో పోలుస్తారు, ఏమీ ఇవ్వని ఊరు ఏదీ అని.

"ఏంటి హరీ, ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయావు?" అన్నారు ప్రొఫెసర్. "ఒక ఊరికి ఇద్దాం, ఇంకో ఊరికి ఇవ్వొద్దు. రెండేళ్లు చూద్దాం. సోమవారానికి రెండు ఊళ్ల అంగీకార పత్రాలూ నా టేబుల్ మీద ఉండాలి."

అప్పటికి గురువారం. ఇచ్చే ఊరు ప్రొఫెసర్ గారి సొంతూరే అయింది, అది వేరే చెప్పాలా? ఇవ్వని ఊరి కోసం హరిలాల్ బండి వేసుకుని మూడు ఊళ్లు తిరిగాడు. "మాకేమిస్తరు? ఏమియ్యకుంటే మేం నెత్తురెందుకియ్యాలె?" అని మొహం మీదే అడిగారు. న్యాయమైన మాట. ఆ మాట అడగని ఊరు అతనికి ఒక్కటే తెలుసు.

ఆదివారం పొద్దున సొంత తండాకు వెళ్లాడు. గంటలో నలభై మంది వేలిముద్రలు పడ్డాయి. మన హరి తెచ్చిన కాగితం, అంతే. అందులో ఏముందో దేవ్లా కూడా అడగలేదు. "ఏడ పెట్టాలె తమ్మీ?" అని బొటనవేలు చాపాడు. జాబితాలో అతని నంబరు పదిహేడు.

హరిలాల్‌కు గుండె లేదని అనను. పరిశోధన పద్ధతి వివరించిన చోట, చివర ఒక వాక్యం చేర్చాడు. రెండేళ్లు పూర్తయ్యాక తండావాళ్లకు కూడా ఇవే మాస్కులు ఇస్తామని. నా చేత్తో టైపు చేశాను. ప్రపోజల్ పది పేజీలు దాటకూడదన్నది కమిటీ షరతు. పదకొండో పేజీలోకి రెండు వరుసలు జారాయి. ప్రొఫెసర్ పెన్ను తీసి ఆ వాక్యాన్నే కొట్టేశారు. ఆయన ఘనకార్యాల జాబితా పేజీన్నర ఉంది, అందులో అక్షరం కదల్లేదు. "అది తర్వాత చూసుకుందాంలే హరీ" అన్నారు. హరిలాల్ సరే సార్ అన్నాడు. వాడి ఉద్యోగం ఏటా జూన్‌లో ఆ సంతకంతోనే పొడిగిస్తారు మరి.

ప్రాజెక్టు వచ్చింది. కాలేజీలో స్వీట్లు పంచారు. ఆ వారమే దేవ్లా అడవి సీతాఫలాలు గంపనిండా పట్టుకుని తమ్ముణ్ణి చూడటానికి వచ్చాడు. నా టేబుల్ మీద కూడా నాలుగు పెట్టి, "మా తమ్ముడు గెలిసిండంట గద మేడం. మరి గా మూతిగుడ్డలు మాకెప్పుడొస్తయ్?" అన్నాడు.

నేను హరిలాల్ వైపు చూశాను. అతను సీతాఫలం వైపు చూస్తూ, "రెండేండ్లు ఆగన్నా. రాసిన గద" అన్నాడు.

ప్రొఫెసర్ గారి ఊళ్లో మాస్కులు గోడమేకులకు వేలాడాయి. తొడుగులు బర్రెలు కడగడానికి పనికొచ్చాయి. అసలా ఊళ్లో పేర్లు రాయించుకున్న నలభై మందీ గట్టు మీద నిలబడి కూలీలకు పని పురమాయించే ఆసాములు. వాళ్లకు మందు ఎందుకెక్కుతుంది? అక్కడ మందు కొట్టే కూలీలు ఏ తండాల నుంచి వస్తారో హరిలాల్‌కు తెలియదా? తెలుసు. ఫారంలో ఆ గడి లేదు.

రెండో ఏడు తోటల్లో నల్ల తామర పురుగు పడింది. వారానికోసారి కొట్టే మందు మూడు రోజులకోసారి కొట్టారు. దేవ్లా చేతులు వణికేవి, చాయ్ గ్లాసు నిలిచేది కాదు. మందు ఒంటికెక్కేకొద్దీ రక్తపరీక్షలో ఒక అంకె పడిపోతుంది. నెలనెలా అన్న చేతికి సూది గుచ్చింది తమ్ముడే, ఆ అంకె పడిపోవడం చూసింది తమ్ముడే.

ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, బీరువల ఒక్క మాస్కు మిగిలిందా?"

మిగిలిందేమిటి, అట్టపెట్టె నిండా ఉన్నాయి. వెంటనే తాళంచెవి తీశాను. మా నాయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో చేశాడు. మూతిగుడ్డ మర్చిపోయి బయల్దేరితే మా అమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడేది. బీరువా తలుపు తెరిచేలోపు హరిలాల్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులే అక్కా. ఒక్కడు పెట్టుకుంటే పదిహేడో నంబరు చెడిపోతది. ఇంక నాలుగు నెల్లే గద."

నా నోటికి కాలేజీ అంతా భయపడుతుంది. ఆ రోజు ఆ నోటితోనే సరేలే అన్నాను. తాళంచెవి మళ్లీ బ్యాగులో వేసుకుని అన్నం తిన్నాను.

నాలుగు నెలలు ఆగలేదు. ఆరో వారంలో దేవ్లా పంపుతో సహా మిర్చిసాళ్ల మధ్య బోర్లా పడిపోయాడు. నోట్లో నురగ. ఖమ్మం దవాఖానాలో రెండు రోజులున్నాడు. మూడో రోజు నేను ఇడ్లీ పొట్లాలు పట్టుకుని వెళ్లేసరికి అయిపోయింది. భార్య సక్రి వరండాలో నేల మీద తల కొట్టుకుంటోంది. హరిలాల్ ఫోన్లో ఉన్నాడు. పక్కనే నిలబడ్డాను కాబట్టి ప్రొఫెసర్ గొంతు వినబడింది.

"అయ్యో, చాలా బాధగా ఉంది హరీ. పదిహేడే కదా? పోయే ముందు శాంపిల్ తీశావా?"

"తీసిన సార్. పొద్దుగాలనే తీసిన."

ఇడ్లీ పొట్లాలు బెంచీ మీద పడేసి, నువ్వు మనిషివేనా అని అడిగాను. నావైపు చూడకుండా, "గది గూడ తియ్యకుంటే అన్న ఉత్తగనే పోయినట్టయితది అక్కా" అన్నాడు. ఆ మాటకు నాకు జాలి కలగలేదు. కలగాల్సిందేమో. అసహ్యం కలిగింది, వాడి మీదా నా మీదా.

రెండో ప్రపోజల్ ఆ చావులోంచే పుట్టింది. మొదటి పేరాలో నలభై ఒక్కేళ్ల కూలీ ఒకడు మిర్చి చేనులో కూలిపోతాడు. పేరుండదు, తమ్ముడుండడు. "మొదటి పేరా అదిరింది హరీ" అన్నారు ప్రొఫెసర్. కమిటీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. రెండు ఊళ్ల మధ్య తేడా స్పష్టంగా ఉంది, ఇవే ఊళ్లను ఇలాగే ఇంకో మూడేళ్లు చూడండి అని రాసింది. హరిలాల్ కాంట్రాక్టు కూడా మూడేళ్లు పొడిగించారు.

మళ్లీ వేలిముద్రలు కావాలి. ఈసారి ఆడవాళ్లు కూడా ఉన్నారని సాక్షిగా నన్ను తండాకు తీసుకెళ్లాడు. సక్రి చేను నుంచి నేరుగా వచ్చింది. మొగుడి పంపు ఇప్పుడు ఆమె వీపున ఉంది. జాబితాలో ఖాళీ ఉండకూడదని పదిహేడో నంబరు ఆమెకే ఇచ్చారు.

"మరిదీ, ఈపాలన్న మూతిగుడ్డలొస్తయా?" అని అడిగింది.

"రాసిన వదినా" అన్నాడు హరిలాల్.

ఈసారి ప్రపోజల్ సరిగ్గా పది పేజీలే వచ్చింది. ప్రొఫెసర్‌కు ఏ వాక్యమూ కొట్టేసే పని పడలేదు. హరిలాల్ రాయనేలేదు, టైపు చేసినదాన్ని నాకు తెలియదా? సక్రి బొటనవేలి కింద ఇంకుప్యాడు పట్టుకున్నది కూడా నేనే.