అండి ఊడిపోయిన చోటు

తెనాలిలో మా వంటింటి గోడకు అవతల సాయంత్రం ఆరయ్యేసరికి టీవీ మోగడం మొదలవుతుంది. పక్కింటి పెద్దావిడకు చెవులు సరిగా వినపడవు కనుక సీరియల్ మాకు కూడా ఉచితంగానే అందుతుంది. మొన్న గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాను. నెలల తరబడి కథానాయకుణ్ణి "వినండి", "ఆగండి" అంటూ వచ్చిన ఆ సీరియల్ అమ్మాయి ఉన్నట్టుండి "వెళ్ళకు" అంది. నా చేతులు ఆగిపోయాయి. గ్రేసమ్మగారు పక్కనుంటే "అదిగో, ఊడింది" అనేవారు. అది తలుచుకుని హాయిగా నవ్వుకోవలసిన దాన్నే. నవ్వు రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే ఆవిడ ఎవరో ముందు చెప్పాలి.

నేను టైపిస్టుగా చేరిన బాపట్ల ఆఫీసులో గ్రేసమ్మగారు హెడ్ క్లర్కు. సొంతూరు రేపల్లె. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. వారమంతా బాపట్లలో గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం రైలెక్కి తల్లి దగ్గరికి వెళ్ళేవారు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, తెనాలి నుంచి రోజూ వచ్చిపోయేదాన్ని. చేరిన వారంలోనే నేను కొట్టిన ఉత్తరం ఒకటి చేతిలోకి తీసుకుని, అందులో మూడుచోట్ల ఉన్న "సవినయంగా మనవి" అన్న మాటను రెండుచోట్ల కొట్టేశారు. "వినయం ఒక్కసారి చెబితే చాలు అమ్మాయ్. మూడుసార్లు చెబితే ఏదో దాస్తున్నావనుకుంటారు" అన్నారు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో ఆ మాట రెండోసారి కనిపిస్తే నా పెన్ను దానంతట అదే కదులుతుంది.

ఆవిడకు సినిమాలంటే ప్రాణం. ఇంటింటికీ కేబుల్ కొత్తగా వస్తున్న రోజులవి. ఆదివారం టీవీలో చూసిన సినిమాను సోమవారం మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక మాకు చెప్పేవారు. కథంతా చెప్పే అలవాటు లేదు. ఒక్క ప్రేమ సీను తీసుకునేవారు. కౌగిలింతలు, వానలో పాటలు ఆవిడ లెక్కలోకి రావు. కథానాయకుడు పేజీలకు పేజీలు ప్రేమ ఒలకబోస్తే "ఇంత చెబుతున్నాడంటే వాడికే నమ్మకం లేదు" అని తీసిపారేసేవారు. ఆవిడ చెవి పెట్టుకుని వినేది ఒక్కదాని కోసమే. అప్పటిదాకా "మీరు" అన్న మనిషి ఎక్కడ "నువ్వు" అన్నది, మాట చివర "అండి" ఎక్కడ ఊడిపోయింది అన్నదే ఆవిడకు సీను. ఒక పాత సినిమా గురించి చెప్పారు. పేరు నాకు గుర్తులేదు. అందులో ఒక నర్సు, ఆసుపత్రి కాంపౌండరును సినిమా పొడుగునా "భోంచేశారా" అని అడుగుతుందట. చివరికి ఒకరోజు అతను జ్వరంతో పడుకుని ఉంటే తలుపు దగ్గర నిలబడి "తిన్నావా" అంటుందట. "అంతే అమ్మాయ్. ఆ తర్వాత పాట ఎందుకు పెట్టారో ఆ డైరెక్టరుకే తెలియాలి" అన్నారు.

"పెళ్ళయ్యాక మళ్ళీ అండి వచ్చి అతుక్కుంటుందిగా" అన్నాను నేను, తెలివి చూపిద్దామని.

"అతుక్కుంటుంది. మధ్యలో నాలుగురోజులు ఊడి ఉంటుంది చూడు, ఆ నాలుగు రోజులే ప్రేమ" అన్నారు.

ఆ మాటతో నాకు చెవి వచ్చింది. ఇంట్లో, రైల్లో, చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో వినడం నాకు ఆటైపోయింది. విన్నవన్నీ తెచ్చి ఆవిడకు అప్పజెప్పేదాన్ని. ఆవిడ తలూపితే ఆ పూట అన్నం సహించేది. మా అమ్మ మెచ్చుకున్నా నాకు అంత సంతోషం ఉండేది కాదు.

మా ఆఫీసులో రికార్డు గది చూసుకునే నరసింహంగారిది చుండూరు. భార్య పోయి చాలాకాలమైంది. మెత్తటి మనిషి. ఆయనా గ్రేసమ్మగారూ పదేళ్ళుగా ఒకే ఆఫీసులో ఉండి కూడా "ఆ ఫైలు పంపండి", "అలాగేనండి" తప్ప మరో మాట అనుకోగా నేను వినలేదు. శనివారాలు మేం ముగ్గురం ఒకే రైలెక్కేవాళ్ళం. ఆయన చుండూరులో, నేను తెనాలిలో దిగిపోతే, ఆవిడ అక్కడ రేపల్లె బండి మారేవారు. ఒక శనివారం ముసురు పట్టింది. చుండూరులో బండి ఆగింది. ఆయన ఫుట్‌బోర్డు మీద కాలు పెడుతుండగా గ్రేసమ్మగారు కిటికీ పక్కనుంచి, గొంతు పెంచకుండా, "మెల్లగా దిగు" అన్నారు.

"సరేలే" అన్నారాయన, వెనక్కి తిరగకుండానే.

ఏ సినిమాలోనూ వినని సీను నా పక్క సీట్లో జరిగింది. నేను విన్నానని ఆవిడకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

సోమవారం అందరం భోజనాలకు కూర్చున్నాం. నరసింహంగారు అవతలి బల్ల దగ్గర ఉన్నారు. గ్రేసమ్మగారు ఆదివారం సినిమా మొదలుపెట్టబోతుంటే ఆగలేక, "నా దగ్గర అంతకంటే మంచి సీనుందండి" అన్నాను. పేర్లు చెప్పలేదు. రైలు, ముసురు, దిగుతున్న ఒకాయన, "మెల్లగా దిగు", "సరేలే". అంతే చెప్పాను. నమ్మండి, నాకు ఎగతాళి ఉద్దేశం రవ్వంత కూడా లేదు. మీరు నేర్పిన చెవితో ఇంత గొప్పది విన్నాను, మెచ్చుకోండి అన్నదే నా ఆరాటం. పేర్లు లేకపోతే ఎవరికీ తెలియదనుకునేంత తెలివి నాది. శనివారం ఏ బండిలో ఎవరెవరు వెళతారో ఆఫీసులో అందరికీ తెలుసు. మా సూపరింటెండెంటు చేయి కడుక్కుంటూ, "ఏంటి నరసింహంగారూ, చుండూరులో బండి మెట్లు బాగా జారుతున్నాయంట" అన్నాడు. అందరూ నవ్వారు. గ్రేసమ్మగారు సగం తిన్న క్యారేజీకి మూత పెట్టి లేచారు.

గాలి మాట చుండూరు చేరింది, రేపల్లె చేరింది. ఆయన అన్నదమ్ములు ఆఫీసుకే వచ్చి ఆయనతో వరండాలో మాట్లాడి వెళ్ళారు. ఆవిడ తల్లి చర్చికి వెళ్ళడం మానేసిందని విన్నాను. రెండు నెలలకు నరసింహంగారు అడిగి మరీ బదిలీ చేయించుకున్నారు. వీడ్కోలు రోజున దండ వేశాక గ్రేసమ్మగారు అందరి ఎదుటా "వెళ్ళిరండి నరసింహంగారూ. ఆరోగ్యం జాగ్రత్తండి" అన్నారు. ప్రతి మాటకూ అండి తగిలించారు. ఆయన తల వంచుకునే "అలాగేనండి" అన్నారు.

నన్ను ఆవిడ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సీను చెప్పిన మర్నాడు పొద్దున కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇది మూడు కాపీలు కొట్టివ్వండి" అన్నారు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ తర్వాత ఆరేళ్ళు కలిసి పనిచేశాం. నా పెళ్ళికి వచ్చారు, అక్షింతలు వేశారు, సెలవులు అడిగితే కాదనలేదు. "అమ్మాయ్" అని మాత్రం మళ్ళీ పిలవలేదు. సోమవారాలు సినిమా కూడా చెప్పలేదు.

పోయిన ఏడాది ధైర్యం చేసి రేపల్లె వెళ్ళాను. ఆవిడకు డెబ్భై వచ్చాయి. నన్ను వెంటనే పోల్చుకున్నారు, కూర్చోబెట్టారు, పిల్లల గురించి అడిగారు. నరసింహంగారు పోయి నాలుగేళ్ళయిందని నేను తెనాలిలో విన్నాను. ఆవిడకు తెలుసో లేదో అడగడానికి నోరు రాలేదు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఇన్నేళ్ళుగా మోస్తున్న మాట బయటపెట్టాను. "ఆ రోజు భోజనాల దగ్గర నేను అలా చెప్పకుండా ఉండాల్సింది. తప్పు చేశాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. నా వైపు చాలా ప్రేమగానే చూశారు.

"మీ తప్పేం లేదండి" అన్నారు.

నన్ను క్షమించారు. అందులో నాకు అనుమానం లేదు. తెనాలి బండిలో కూర్చున్నాక గాని తెలియలేదు, నేను వెళ్ళింది క్షమాపణ కోసం కాదని. ఒక్క "నువ్వు" కోసం వెళ్ళాను. అది రాలేదు.