అంతర్వేది ఇసుకలో అమ్మతో పందెం

అంతర్వేదికి జనం దర్శనానికి వెళ్తారు, సముద్రం చూడటానికి వెళ్తారు. నేను మాత్రం మా అమ్మతో వేసుకున్న పందెం కోసం వెళ్ళాను.

మా ఇల్లు అమలాపురం పక్కనే. నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతాడు. అమ్మ మొన్నమొన్నటిదాకా కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేది. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే, కుర్చీలో కూర్చుని జీతం తెచ్చుకుంటున్న మొదటి మనిషినీ నేనే. కాకినాడలో ఆ కుర్చీయే నాకు ఒళ్ళు తెచ్చిపెట్టింది. కిందటేడు డాక్టరు సుగరు అంచుల దాకా వచ్చిందని చెప్పాక నెమ్మదిగా తగ్గడం మొదలుపెట్టాను. అప్పటినుంచీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ అమ్మ గుమ్మంలోనే నా దవడలు తడిమి, "చిక్కిపోయావే తల్లీ, అక్కడ తిండి పెట్టట్లేదేంటే నీకు?" అనేది. మా వాళ్ళ దృష్టిలో ఒళ్ళు చేయడం జబ్బు కాదు. ఇంట్లో కడుపులు నిండుతున్నాయని ఊరికి చెప్పే సాక్ష్యం.

ఈసారి భయం నా వంతు అయింది. అమ్మకి సుగరు ముదిరింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. "మందు రాయడం నా వంతండి, బరువు దించుకోవడం మీ వంతు. ఇలాగే ఉంటే సూది మందు తప్పదు, ఆ మోకాళ్ళకి ఆపరేషనూ తప్పదు" అన్నారు అమ్మని చూసిన డాక్టరుగారు. బయటికి వచ్చాక అమ్మ నావైపు తిరిగి, "ముందు నువ్వు సరిగ్గా తిను, అప్పుడు నడుస్తాను" అంది. పందెం అక్కడ పుట్టింది. ఒక రోజంతా ఆవిడ పెట్టింది నేను వదలకుండా తినాలి, నేను నడిచినంత దూరం ఆవిడ నడవాలి. నేను ఓడిపోతే నా తిండి సంగతి ఇక అమ్మ చేతుల్లో. ఆవిడ ఓడిపోతే డాక్టరు చెప్పినట్టు వినాలి.

డిసెంబరులో ఒక ఆదివారం ఆరున్నరకి అమలాపురం బస్టాండులో రాజోలు బస్సెక్కాం. పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అమ్మ ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారేజీ. వైనతేయ పాయ మీద వంతెన దాటుతుంటే నీళ్ళమీద మంచు ఇంకా లేవలేదు. నేను ఎలా తగ్గానో అప్పుడే అమ్మకి చెప్పాలని చూశాను. మొదట్లో రాత్రిళ్ళు పస్తుండి, తెల్లారి రెండింతలు తిని, నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అది మానేశాక గాని దారి దొరకలేదు. ఫోను పక్కన పెట్టి తినడం, ఆఫీసుకి ఒక స్టాపు ముందే దిగి నడవడం, చీకటి పడగానే భోజనం ముగించడం, రోజూ బరువు చూసుకోకపోవడం. అన్నిటికంటే కష్టమైంది ఒకటుంది. ఇప్పుడు తినకపోతే మళ్ళీ దొరకదేమోనన్న చిన్నప్పటి భయాన్ని, అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ గుర్తుపట్టడం.

అమ్మ అంతా విని, "దొరకని రోజులు నేను చూశానే. నువ్వు చూడకూడదనే కదా ఇంత పాటు" అని కిటికీవైపు తిరిగింది.

రాజోల్లో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో కూర్చున్నాం. నేను ఇడ్లీ అనబోయేంతలో అమ్మ ఉప్మా పెసరట్టు చెప్పేసింది. "రెండు ప్లేట్లాండీ?" అన్నాడు హోటలాయన. "అమ్మాయికి రెండండి, నాకొకటి" అంది అమ్మ. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆయ్, పెట్టేద్దామండి. మా పెసరట్టు తిని కాదన్నోళ్ళు లేరండి" అని నవ్వాడు. మూడు ప్లేట్లకీ నూట యాభైలోపే అయింది. పందెం కదా, కష్టపడి తిన్నాను. రెండో ప్లేటులో కాస్త ఉప్మా మిగిలి ఉండగా చెయ్యి కడుక్కోడానికి లేచాను. తిరిగొచ్చేసరికి ప్లేటు ఖాళీగా ఉంది. మిగిలింది హోటలు వాళ్ళే ఎత్తేశారు కాబోలు అనుకున్నాను.

అక్కణ్ణుంచి మలికిపురం మీదుగా అంతర్వేది బస్సు, గంట పైమాటే. దిగి దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి పదిన్నర దాటింది. గోదావరి సముద్రంలో కలిసేచోటు అన్నాచెల్లెళ్ళ గట్టు. అక్కడికి లైట్‌హౌసు దాటి ఇసుకలో వెళ్ళాలి. ఆటో అతను అమ్మ నడక చూసి మా వెనకే వచ్చాడు.

"ఎక్కండమ్మగారూ. ఇసకలో కాళ్ళు దిగబడిపోతాయండి. రానూ పోనూ రెండొందలివ్వండి."

అమ్మ ఆటోవైపు ఆశగా చూసింది. నన్ను చూసింది. "వద్దు నాయనా. మా అమ్మాయి నా చేత పరుగు పందెం కట్టించింది" అంది.

"ఈ వయసులోనాండీ!"

"వయసులో ఉన్నప్పుడు ఎవరూ కట్టలేదు మరి."

లైట్‌హౌసు దాటాక అమ్మ ఆగిపోయింది. మోకాలు పట్టుకుని వంగింది. వెనక్కి వెళ్ళిపోదామా అన్నాను, నిజంగానే భయపడి. ఆవిడ సముద్రంవైపు వీపు తిప్పి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వెనక్కి అడుగులు వేయడం మొదలుపెట్టింది. తాళ్ళు పేనే పనిలో ఒకరు చక్రం తిప్పుతుంటే, ఇంకొకరు నడుముకి కట్టిన పీచుని వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తారు. మా అమ్మ పాతికేళ్ళు అలా నడిచింది. నాకు ఉద్యోగం వచ్చాక, ఇంక కష్టపడొద్దని నేనే ఆ పని మాన్పించాను.

"ముందుకి నడవడం నాకేం తెలుసే? నా వయసంతా వెనక్కే నడిచేను" అంది నవ్వుతూ. చేతులు ఉత్తగాలిలో పీచు వదులుతున్నట్టే కదులుతున్నాయి. వలలు బాగు చేసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు చూసి, "ఎక్కడికండీ పిన్నిగారూ, ఇంటికేనా?" అని కేకేశారు. "ఆయ్, మా అమ్మాయి తాడు కట్టి లాక్కుపోతందమ్మా!" అని అమ్మ తిరిగి కేకేసింది. కాసేపు వెనక్కి, కాసేపు ముందుకి, మధ్యమధ్య కూర్చుంటూ మొత్తానికి గట్టు చేరాం. ఒక పక్క గోధుమరంగు నీరు, ఒక పక్క నీలం నీరు. అమ్మ రెంటిలోనూ పాదాలు తడుపుకుంది.

సరుగుడు చెట్ల నీడలో క్యారేజీ విప్పింది. పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం, అడుగు గిన్నెలో బూరెలు. నాకు వడ్డించి తనూ పెట్టుకుంది. నెమ్మదిగా తిన్నాను, బాగుంది, కడుపు నిండింది. ఇంకా కంచంలో సగం పైన ఉంది. "తర్వాత తింటానమ్మా" అని కంచం పక్కకి జరిపాను. ఇంట్లో ఏడాదిగా నేను చేస్తున్నదే అది. అమ్మ ఏదో చెబుతూనే ఆ కంచం తన ముందుకి లాక్కుని, నేను వదిలిందంతా ఒక్కచోటికి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. తన కంచం అప్పటికే ఖాళీ.

నాకు పొద్దుటి ఉప్మా గుర్తొచ్చింది. ఇంటికొచ్చిన ప్రతి శనివారం, ప్రతి ఆదివారం గుర్తొచ్చాయి.

"అమ్మా, నేను వదిలేసినవన్నీ నువ్వే తింటున్నావా?"

"మరి పారేయమంటావా? అన్నం పారేసే ఇల్లేంటే మనది?"

"నేను తగ్గిందంతా నీ ఒంటికి చేరుతోందన్నమాట."

అమ్మ నోట్లో ముద్ద ఆగింది. ముందు నవ్వింది. తర్వాత కంచంవైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. మిగిలినదాన్ని గిన్నెలోకి ఎత్తి మూత పెట్టింది. వలల దగ్గరి ఆడవాళ్ళ కుక్క తోక ఊపుతూ అప్పటికే వచ్చి నిలబడింది. అమ్మ మూత తీసి ఆ అన్నం దానికి పెట్టింది.

"పందెం నువ్వే ఓడిపోయావు. నేను నడిచేను, నువ్వు తినలేదు" అంది అమ్మ. ఒప్పుకున్నాను. ఇక నా తిండి ఆవిడ చేతుల్లోనే. తీర్పు ఏం చెబుతుందోనని చూస్తున్నాను. "ఇకనుంచి నీ కంచంలో నువ్వే వడ్డించుకో. ఎంత కావాలో అంతే. నేను చూడను" అంది.

తిరుగు ప్రయాణంలో మూడింటి బస్సు ఎక్కాం. సాయంత్రమయ్యేకొద్దీ బస్సులు పల్చబడతాయని కండక్టరుగారు చెప్పారు. అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది, ఖాళీ క్యారేజీ ఒళ్ళోనే ఉంది.

బరువు తగ్గడం ఒక్క మనిషి పని అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా కంచం, నా నడక, నా పట్టుదల. కానీ ఒకే కుండలోంచి తినేవాళ్ళలో ఒకరు వదిలింది ఇంకొకరికి చేరుతుంది. చిన్నప్పుడు వానాకాలంలో నాన్నకి పని ఉండేది కాదు. ఆ రోజులకోసం అమ్మ రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో దాచేది. నా జీతం వచ్చాక ఆ అలవాటు మానేసి, ఎవరైనా వస్తారేమోనని పిడికెడు ఎక్కువే పోయడం మొదలుపెట్టింది. మర్నాడు నేను బయల్దేరేముందు వంటింట్లోకి చూశాను. అమ్మ కొలిచిన బియ్యం చేతిలోకి తీసుకుని, కాసేపు ఆలోచించి, పిడికెడు తిరిగి డబ్బాలో పోసింది. నన్ను చూసి, "ఏంటే, వానాకాలం కాదులే" అంది.

మీరూ అన్నాచెల్లెళ్ళ గట్టుకి నడవాలనుకుంటే, మొదటి బస్సుకే బయల్దేరి ఎండ ముదరకముందు ఇసుక దాటండి. నీళ్ళు ఒక సీసా ఎక్కువ పట్టుకెళ్ళండి, క్యారేజీలో ఒక గిన్నె తక్కువ.