పడుగు రోజు తప్పిన పరీక్ష

2024 ఎండాకాలం. నారాయణపేటలో ఒక డిగ్రీ కాలేజీ పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. బదిలీ మీద ఇంత దూరం వచ్చి పడ్డాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు కాబట్టి మెట్లంటే నాకు గిట్టదు. పై అంతస్తులో గది ఇస్తామంటే ప్రిన్సిపాల్‌తో తగవు పెట్టుకుని కింది గదే తీసుకున్నాను. అందుకే కాలేజీకి ఎవరొచ్చినా ముందు నా తలుపే తడతారు, నాతో పనిలేనివాళ్లు కూడా.

పరీక్షల విభాగమంటే మార్కుల గొడవే అనుకుంటారు చాలామంది. మాకు తెల్లవారితే క్రెడిట్ల గోల. క్రెడిట్ అంటే చదువుకు కొలత. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా పాఠం విని పరీక్ష గట్టెక్కితే ఒక క్రెడిట్. పెద్ద పేపరుకు నాలుగైదు ఉంటాయి, చిన్నదానికి రెండు. ఈమధ్య దేశమంతటికీ కలిపి క్వాలిఫికేషన్ ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి వచ్చింది. ఏ చదువు ఏ మెట్టు మీద ఉందో చెప్పే చట్రం అన్నమాట. ఇంటర్ నాలుగో లెవెల్. డిగ్రీలో ఒక ఏడాది పూర్తిచేసి ఆగిపోతే సర్టిఫికెట్, అది నాలుగున్నర. రెండేళ్లకు ఆగితే డిప్లొమా, ఐదు. మూడేళ్ల డిగ్రీ అయితే ఐదున్నర. మధ్యలో ఈ అర ఏమిటని నన్నడగొద్దు. నేనూ అడిగాను, ఎవరూ చెప్పలేదు.

అంతకుముందు నడుమ చదువు మానేసినవాళ్ల చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు చదివినంత మేరకు ఏదో ఒకటి దక్కుతుంది. పాత బ్యాచ్‌లవాళ్లకు కూడా, రెండేళ్ల క్రెడిట్లన్నీ ఉంటే డిప్లొమా ఇవ్వడానికి మా విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. మంచి మాటే అనుకున్నాను.

అలాంటి రోజుల్లోనే అంబిక వచ్చింది, వాళ్ల నాయిన నాగప్పను వెంటబెట్టుకుని. ఇద్దరూ చీరలు నేసేవాళ్లే. నాగప్ప నడుము బాగా వంగిపోయింది. కుర్చీ చూపిస్తే, కూర్చుంటే మళ్లీ లేవలేనని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"సార్, నేను గీడ్నే బీకాం సదివిన," అంది అంబిక. "నాల్గు సెమిస్టర్లయినంక బందువెట్టిన. నాయినకు నడుము పోయింది, మగ్గం గుంటల నేను కూసున్న. రెండేండ్లు సదివినోళ్లకు డిప్లొమా ఇస్తున్నరంట గద. గది ఇప్పియ్యుండ్రి."

"ఇప్పుడేం పని పడ్డది బిడ్డా?"

ఊళ్లో చేనేత శిక్షణ కేంద్రం పెడుతున్నారట. నేర్పేవాళ్లు కావాలట. మగ్గం పని వచ్చి ఉండాలి, చదువు ఐదో లెవెల్ ఉండాలి. మొదటిది చిన్నప్పటి నుంచీ ఉంది. రెండోది నా కంప్యూటర్లో ఉందని ఆమె నమ్మకం.

"గీ నౌకరొస్తె మగ్గం ఇడిసే పని పడదు సార్," అన్నాడు నాగప్ప. "లేకుంటె పాలమూరుల చీరెల దుకాన్ల నిలవడ్త అంటాంది. సావుకారి ఇచ్చే కూలితోని ఇంక ఎల్తలేదు."

కంప్యూటర్ తెరిచాను. అన్నీ పాసైంది, మంచి మార్కులతో. ఒక్క పేపరు దగ్గర మాత్రం గైర్హాజరు అని ఉంది. నాలుగో సెమిస్టర్‌లోని స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్ కోర్సు. పిల్లలకు ఏదో ఒక నైపుణ్యం అబ్బాలని పెట్టిన చిన్న పేపరు, రెండు క్రెడిట్లు. ఆ రెండూ లేకపోతే డిప్లొమా లేదు. డిప్లొమా లేకపోతే చట్రం లెక్కలో ఆమె నాలుగున్నర దగ్గరే ఆగిపోయింది.

"గీ పరీక్ష ఎందుకు రాయలే అమ్మా?"

"ఆ రోజు పక్కింటి లింగన్న కాకోళ్ల పడుగుకు గంజి పెట్టేదుండె సార్. నాయిన సావుకారి దగ్గరికి పోయిండె, మా ఇంటి నుంచి నేనే నిలవడ్డ."

ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి నాకు అర్థమైంది. తెల్లారగానే పడుగును, అంటే మగ్గం మీద నిలువుగా ఎక్కించే దారాలను, గల్లీ పొడవునా సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. తడి ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. మధ్యలో వదిలేస్తే దారాలు అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. ఒక ఇంటివాళ్లతో అయ్యేది కాదు. ఎవరి పడుగైనా గల్లీలో ఇంటికొక మనిషి వచ్చి నిలబడాల్సిందే.

"ఆ పొద్దు మబ్బు పట్టింది. గంజి ఆరలే," అంది. "దువ్వేది ఇడిసిపెట్టి ఎట్ల రావాలె? మేం పోకుంటె మా పడుగుకు ఎవరొస్తరు? చిన్న పేపరే గద, మల్ల రాద్దామనుకున్న."

మళ్లీ రాసేలోపు నాగప్ప నడుము పట్టేసింది. ఆ తర్వాత సిలబస్ మారింది. కోర్సు పూర్తిచేయాల్సిన గడువూ దాటిపోయింది. ఇప్పుడు రాస్తానన్నా ఆ పేపరే లేదు. నైపుణ్యం పేరుతో ఉన్న రెండు క్రెడిట్ల కోసం, నైపుణ్యం తప్ప వేరే ఆస్తి లేని మనిషి నా ముందు నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక కంప్యూటర్‌ను తిట్టాను.

అయితే అదే చట్రంలో ఇంకో వెసులుబాటు ఉంది. రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అంటారు. బడి బయట పనిలో నేర్చుకున్నదాన్ని కూడా పరీక్షించి క్రెడిట్లుగా లెక్కగట్టవచ్చు. ఆమె మగ్గం పనికి ఆ రెండు క్రెడిట్లు ఇవ్వమని వివరంగా రాసి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి, టపాలో పంపితే ఎక్కడ పడిపోతుందోనని నేనే బస్సెక్కి విశ్వవిద్యాలయానికి పోయాను. అక్కడి సెక్షను ఖర్మకొద్దీ మూడో అంతస్తులో ఉంది.

అధికారి మంచివాడే. అంతా చదివాడు, చాయ్ తెప్పించాడు.

"మీరు చెప్పేది కరెక్టే అన్నా. రూలుంది. చేసే పద్ధతి రాలే," అన్నాడు. "పరీక్ష ఎవరు పెట్టాలె, సంతకం ఎవరు చెయ్యాలె, గది పైనుంచి రావాలె. ఆమెకు మగ్గం పని వచ్చని మనకెట్ల తెలుస్తది చెప్పుండ్రి?"

"మీ ఇంట్ల నారాయణపేట చీరె ఒక్కటన్న లేదా? తీసి చూడుండ్రి, తెలుస్తది," అన్నాను.

నవ్వాడు. ఫైలు మీద 'విధివిధానాలు వచ్చాక పరిశీలించవచ్చు' అని రాశాడు. ఎప్పుడొస్తాయని అడిగితే వస్తాయన్నాడు. శిక్షణ కేంద్రం దరఖాస్తుల గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

అంబికకు ఫోన్ చేసి చెప్పాను. తిడితే బాగుండేది. "సరే సార్, మీకు శానా తిప్పలైంది," అంది. ఫోన్ పెట్టేయబోతూ అడిగింది. "సార్, గా పేపర్ల ఏముంటుండె?"

పాత సిలబస్ తీసి చూశాను. చదువుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు. మొదటి యూనిట్ సమయపాలన. రెండోది నలుగురితో కలిసి పనిచేయడం, ఒప్పుకున్న బాధ్యత నెరవేర్చడం.



"గంతేనా సార్?" అంది.

ఏడాది తర్వాత, మా ఆవిడకు చీర కొందామని వాళ్లింటికి పోయాను. నాగప్ప ఒక్కడే ఉన్నాడు. అంబిక పాలమూరులో దుకాణంలో చేరిందట. కౌంటర్ దగ్గర నిలబడి చీరలు విప్పి చూపించే పని. దానికి ఇంటర్ చాలన్నారట. మగ్గం, నేసేటప్పుడు కాళ్లు దింపుకునే గుంట ఉండాల్సిన చోట మంచం వేసి ఉంది. కింద నేల కొత్తగా అలికినట్టు వేరే రంగులో కనిపించింది.

"గుంట పూడ్సినం సార్, ఎవరన్న పడ్తరని," అన్నాడు. "గల్లీల గంజి పెట్టే రోజు నేను పోతుంటి. నిలవడనీకె రాకున్నా పోతుంటి. ఇప్పుడు మాకు పడుగు లేదు గద. పిలుస్తలేరు."

చీర కొనకుండానే వచ్చేశాను.

ఇన్నేళ్ల కొలువులో చాలా కేసులు చూశాను. ఇది మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పుడు చిన్న పేపర్ల రోజు హాజరు చూసి, రానివాళ్ల ఇళ్లకు నేనే ఫోన్ చేస్తున్నాను. నా ఉద్యోగంలో లేని పని. పడుగుకు గంజి పెడుతున్నామంటే గల్లీ పెద్దమనిషికి ఫోన్ ఇమ్మంటాను. ఆ పిల్ల బదులు ఇంకెవరినైనా నిలబెట్టుకోమని బతిమాలతాను. చాలావరకు వింటారు.

అంబిక అడిగి ఉంటే ఆ రోజు లింగన్న కూడా పంపించేవాడే. ఆమె అడగలేదు. అడిగించుకోకుండా పోయి నిలబడటమే ఆ గల్లీలో ఆమె నేర్చుకున్నది. దానికి ఎన్ని క్రెడిట్లు వేయాలో నాకు ఎవరూ చెప్పలేదు.