కొల్లేటి వైపు కిటికీ

1956. ఏలూరులో నర్సు ఉద్యోగం కొత్తగా చేస్తున్న రోజులు. డాక్టరు గారు పంపితే చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి ఇంజెక్షన్లు కూడా చేసేదాన్ని. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో జర్మనీ ఆవిడకు గుండె జబ్బని చెబితే, గౌనూ టీ కప్పూ ఊహించుకుంటూ బయల్దేరాను. తీరా చూస్తే నేతచీర కట్టుకున్న మనిషి వసారాలో కూర్చుని, గేదె పాలెందుకు తగ్గాయని పాలేరును నిలదీస్తోంది. ఆయాసంతో మాట మాటకీ ఆగుతూనే, మనకన్నా రెండు 'అండీ'లు ఎక్కువ వేస్తోంది.

ఆవిడ పేరు మార్త. ఊరంతా మార్తమ్మ గారనేవారు. చదువుకోవడానికి జర్మనీ వెళ్లిన ఆ ఇంటి పెద్దబ్బాయి ఈవిడను పెళ్లాడి తీసుకొచ్చాడు. ఆయన పోయాక ఈవిడ ఓడెక్కేస్తుందని అందరూ అనుకున్నారట. ఆవిడ ఆ ఏడే చీర ఎగ్గట్టి, నారుమడి తనే దగ్గరుండి పోయించింది. ఇద్దరు కొడుకులు తాడేపల్లిగూడెంలో చదువుకునేవారు. పదేళ్ల కూతురు లక్ష్మి తల్లిని అంటిపెట్టుకునే ఉండేది.

ఆవిడది మేం ఆర్థోప్నియా అనే స్థితి. కూర్చుంటే ఊపిరాడుతుంది, పడుకుంటే ఆడదు. అందుకే కొల్లేటి వైపు కిటికీ పక్కన మంచం వేసి, వెనక దిళ్లు పేర్చారు. దీపాలవేళ కొల్లేటి మీంచి పురుగులు వచ్చి కిటికీ గట్టంతా రాలేవి. పొద్దున్నే ఆ గట్టు తనే తడిగుడ్డతో తుడుచుకుంటే గానీ ఆవిడకు తోచేది కాదు.

కార్తీకంలో పరిస్థితి విషమించింది. అదే సమయానికి ధనిష్ఠా పంచకం వచ్చింది. ఆ నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. ఆవిణ్ణి బయటికి చేర్చడానికి మరిది సుబ్బారావు గారు పందిట్లో చాప వేయించారు.

"ఆవిణ్ణి చాప మీద పడుకోబెట్టారంటే ఊపిరాడక పోతారండీ. మంచం కదిపినా కష్టమే" అన్నాను గట్టిగా.

లోపల్నుంచి మార్తమ్మ గారే పిలిచారు. "తీసుకెళ్లమనండి నర్సమ్మ గారూ. ఇల్లు మూతపడితే పిల్లలెక్కడుంటారండీ?"

అత్తగారు చిట్టెమ్మ గారు మడి, ఆచారం అంటూ ఊరందర్నీ హడలగొట్టే మనిషి. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇల్లు మూసుకుంటాను గానీ నా కోడల్ని ఊపిరాడకుండా చంపుకోను. చాప ఎత్తెయ్యరా" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

తరువాత మార్తమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "మా వైపు ప్రాణం పోగానే కిటికీ తీస్తారండీ, దారి కోసం. ఇక్కడేమో అన్నీ మూసేస్తారు. నన్ను లోపల పెట్టి మూసెయ్యకండి. తీస్తారా?"

తీస్తానన్నాను. పాపం, ఇన్నేళ్లయినా పుట్టింటి మీద బెంగ తీరలేదు అనుకున్నాను.

ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున్న చలిగాలి కొడుతోందని కిటికీ మూసి ఉంది. ఎండ వసారాలోకి వస్తున్న వేళ ఆవిడ మంచం చివరికి చూసి, తన భాషలో ఏదో మెల్లగా అన్నారు. ఎవరో కూర్చోవడానికి చోటిస్తున్నట్టు కాళ్లు పక్కకి జరుపుకున్నారు. అక్కడ ఎవరూ లేరు. ఆ తరువాత కాసేపటికే పోయారు. నేను లేచి కిటికీ తీశాను.

దహనం అయ్యాక సుబ్బారావు గారు ఆ కిటికీకి లోపల గడియ బిగించి, ఇంటికి తాళం వేశారు. అందరూ ఎదురుగా ఉన్న ఆయన ఇంట్లోకి మారారు.

కొన్నాళ్లకు చిట్టెమ్మ గారికి బి.పి. చూడ్డానికి వెళ్లినప్పుడు, తాళం వేసిన ఆ ఇంటి కిటికీ బార్లా తీసి ఉంది. సుబ్బారావు గారు ముఖం పాలిపోయి, "ఒకసారి లోపలికెళ్లి మళ్లీ గడియ వేసొచ్చానండీ. అయినా మళ్లీ తెరుచుకుంది. ఇంక నా వల్ల కాదు" అన్నారు. జనం ఆ దారిన నడవడం మానేశారు. తాళంచెవి చిట్టెమ్మ గారి బొడ్లో దోపి ఉండేది. నా అనుమానం ఆవిడ మీదే.

"మీరు తీస్తున్నారా అండీ?"

"ఈ మోకాళ్లతో ఆ మెట్లెక్కగలనా అమ్మాయ్?" అంది. నిజమే, ఆవిణ్ణి పెరట్లోకే ఇద్దరు పట్టుకుని తీసుకెళ్లేవారు.

గడువు తీరాక, వైశాఖంలో, ఇల్లు తెరిచే రోజు నన్నూ రమ్మన్నారు. మిట్టమధ్యాహ్నం. నేలంతా దుమ్ము. సుబ్బారావు గారు అప్పట్లో వెళ్లిన అడుగులు కూడా పూడిపోయాయి. కొత్త అడుగన్నది లేదు. కిటికీ గట్టు మాత్రం అద్దంలా ఉంది. వేలు పెట్టి చూశాను. తడిగా ఉంది. మంచు పడిందేమో అన్నాను పైకి. వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, మంచేమిటి?

సుబ్బారావు గారు వెనక్కి అడుగేశారు. లక్ష్మి మాత్రం పరుగున వెళ్లి చీపురు తెచ్చి, కిటికీ కింద ఊడ్చి, తన చాప అక్కడ పరుచుకుంది.

మనుషుల సాయంతో మెట్లెక్కిన చిట్టెమ్మ గారు ఆ గట్టు నిమురుతూ నాకేసి చూసింది. "దారి చూపించి పంపించేశాననుకున్నావు కదూ అమ్మాయ్? అది వెళ్లలేదు. పిల్లల్నొదిలి ఎక్కడికెళ్తుంది? ఇది దాని ఇల్లు."

నా వృత్తిలో చివరి ఘడియల్లో చాలామంది దగ్గర కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఎవర్నీ మీది ఏ ఊరని అడగలేదు. మీ ఇల్లెక్కడని అడుగుతాను.