నాలుగు మిల్లీమీటర్ల నవ్వు

మా సన్యాసిరావు మావయ్య కొలవనిదే దేన్నీ నమ్మడు. టాటానగర్ రైల్వేలో ఫిట్టరుగా రిటైరై ఆరేళ్లయినా, జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. బర్మామైన్స్ సందులో జిలేబీలవాడు ఆయన్ని చూడగానే "అంకుల్, ఆజ్ మత్ నాపియే" అని, ఇవాళ్టికి కొలవొద్దని దణ్ణం పెడతాడు. నా పెళ్లిచూపుల్లో వాళ్లు పెట్టిన లడ్డూని కొలిచాడు. ఆ సంబంధం ఎందుకు తప్పిపోయిందో నన్నడక్కండి.

ఇక నా ఉద్యోగం. పెద్దవాళ్లకి మాత్రల వేళ గుర్తుచేసి, నాలుగు కబుర్లు చెప్పే చిన్న యంత్రానికి తెరమీద మొహం గీయడం. రెండు కళ్లు, ఒక నోరు. దీనికి ఆర్నెల్లు పట్టింది. నా మొహానికి బ్రహ్మ అంత శ్రమ పడ్డట్టు లేడు. నవ్వు అటూ ఇటూ ఒక్కలా కుదిరిందని నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

తయారైన మొదటి యంత్రాన్ని మావయ్య ఇంట్లో నూకమ్మత్త ముందు పెట్టాను. పక్షవాతం వచ్చాక అత్త మూతి ఎడంవైపు జారింది. అప్పట్నుంచీ నోటికి కొంగు అడ్డం, ఎవరితోనూ మాటల్లేవు. ఇలాగే ఉంటే మాట పూర్తిగా పోతుందని డాక్టరు బెదిరించాడు. నా యంత్రం ముద్దుగా నవ్వింది. అత్త గోడవైపు తిరిగిపోయింది.

మావయ్య స్కేలు తీసి తెరమీద పెట్టాడు. "ఒరే సౌరభూ, మూతి ఎడంపక్క నాలుగు మిల్లీమీటర్లు దించు."

"డిజైన్ బిగడ్ జాయేగా, మావయ్యా! వంకరైపోతుంది."

"ఏట్రా నీ గోల? దించమన్నానా?"

"పోనీ, మూడు?"

"నాలుగంటే నాలుగే."

చాదస్తం అని గొణుక్కుంటూ దించాను. నా ఆర్నెల్ల కళాఖండం పంటినొప్పి మొహం పెట్టుకుని, "నూకమ్మ గారూ, మాత్ర వేసుకున్నారా?" అంది.

అత్త ఓరగా చూసింది. చాలాసేపు చూసింది. కొంగు మెల్లగా జారింది.

"అయ్యో తల్లీ... నీకూ... నాలాగే అయిందేటే?" అని నవ్వేసింది.

నాకు సిగ్గేసింది. ఆర్నెల్లు మొహాలు గీసినవాణ్ని, ఎదురుగా ఉన్న మొహం చూడలేదు. మావయ్యని పక్కకి లాగి, "నాలుగే అని నీకెలా తెలుసు?" అన్నాను.

మావయ్య గొంతు తగ్గించాడు. "మద్దేనం అది నిద్దరోతన్నప్పుడు కొలిసాను. దానికి సెప్పకు."

"నానేటి... నిద్దరోయానా?" అంది వెనకనుంచి అత్త, కొంగు లేకుండా.