కదిరమ్మ కాగితం పూల కంచె

కాడుగోడి రైల్వే స్టేషన్ వెనక సందులో కదిరమ్మ కాగితం పూల మొక్కలు పెంచి అమ్మేది. ఆ జాగా ఆమె తండ్రిది. పక్క స్థలం కొన్న దేవరాజ్ దానిమీద కన్నేశాడు.

ఒక మధ్యాహ్నం అతను ఇద్దరు మనుషులతో, మచ్చుకత్తులతో వచ్చి పడ్డాడు. కంచె పొడవునా విరగబూసిన చెట్లను నరికించాడు. కుండీలను తన్ని పగలగొట్టాడు.

"ఈడనుంచి లేస్తావా, నిన్నూ నరకాల్నా?"

"నరుకప్పా. మా నాయన జాగా ఇది. నేను యాడికీ పోను."

దేవరాజ్ ఇనుప రాడ్డుతో ఆమె కుడి భుజం విరగ్గొట్టాడు. కిందపడ్డ కదిరమ్మ చేతికి నరికిన కొమ్మ ఒకటి తగిలింది. ముళ్లతో నిండిన ఆ కొమ్మను ఎడమచేత్తో ఎత్తి అతని ముఖాన బలంకొద్దీ కొట్టి, కిందికి లాగింది. దేవరాజ్ అరుస్తూ కూలబడ్డాడు. కేకలకు పరుగెత్తుకొచ్చిన సందులోని జనం ముగ్గురినీ చితకబాది పోలీసులకు అప్పగించారు.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకొని వచ్చిన కదిరమ్మ ఆ సాయంత్రమే చెల్లెలు నేత్రావతి చేత కొమ్మలన్నీ ఏరించింది.

"ముదురు కొమ్మల్ని జానెడు ముక్కలు చెయ్యి. ఆకులు దూసేసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చు. వేర్లు పట్టేదాకా నీడలో ఉండాల. నీళ్లు ఎక్కువైతే కుళ్లిపోతాది. చిగురేసినాక మాత్రం ఎండలో పెట్టు, అప్పుడే పూస్తాది."

వానలకు చాలా కొమ్మలు చిగురించాయి. కదిరమ్మ కుడిచేయి మళ్లీ పైకి లేవలేదు. దేవరాజ్‌కు ఒక కన్ను పోయింది. ఆ కన్ను సంగతి ఎవరైనా ఎత్తితే ఆమె,

"చెయ్యి జారి తగిలింది కాదప్పా, కొట్టాలనే కొట్టినా" అంటుంది.